బూరెలో పోసిన డిప్పు

ముందే చెప్పేస్తున్నాను, ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. మా వీధిలో చీలమండ లోతు నీళ్లు నిలిస్తే నా నోట్లో అది గోదావరి వరదైపోతుంది. కాబట్టి కింద రాసినదాంట్లో సగం తీసేసి చదువుకోండి.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, కొత్తపేటలో మా అమ్మాయి పుట్టినరోజు. కువైట్ నుంచి సెలవు మీద వచ్చిన మా బావమరిది కోకో పొడి డబ్బా నా చేతిలో పెట్టి, అక్కడి పార్టీల్లో డిప్పు అని ఒకటి చేస్తారనీ, గిన్నె మధ్యలో పెట్టుకుని అందరూ బిస్కెట్లు ముంచుకు తింటారనీ, పొయ్యి వెలిగించే పనే లేదనీ చెప్పాడు. నాలాంటి బద్ధకస్తుడి కోసమే పుట్టిన వంట! గడ్డపెరుగు పాత పంచెగుడ్డలో మూటగట్టి దండేనికి వేలాడదీశాను. నీరంతా ఓడాక తీపిపాల డబ్బా, కోకో పొడి కలిపి గిలక్కొట్టాను. ఆ ధాటికి వాడపల్లి రేవులో పడవలు ఊగాయి.

అదే వంటింట్లో మా ఆవిడ తెల్లవారకముందు నుంచీ పూర్ణం బూరెల పనిలో ఉంది. ఆలమూరులో మా అన్నయ్య దగ్గరుండే అమ్మ వస్తోంది. పెళ్లైన ఇన్నేళ్లలో కోడలి బూరె తిని ఆవిడ బాగుందన్న పాపాన పోలేదు. ఒకసారి పూర్ణం జారిందంది, ఇంకోసారి పైపిండి మందమంది. ఈసారి ఎలాగైనా అనిపించాలని మా ఆవిడ పంతం. పూర్ణం ఉండ చేసి, కుదిరిందా అని నాకు చూపించింది. డిప్పు ధ్యాసలో ఊఁ అన్నాను.

సాయంత్రం నా గిన్నె హాల్లో పెట్టాను. అందరూ ఒకదాంట్లోనే ముంచితే ఎంగిలి కదా, ఎవరూ ముట్టలేదు. ముందు మీరంటే ముందు మీరని మర్యాదలతోనే గంట గడిచింది. ఇక లాభం లేదని, పంక్తి కూర్చున్నాక నేనే గరిటెతో వడ్డించడానికి బయల్దేరాను. సరిగ్గా అప్పుడే మా ఆవిడ విస్తళ్లలో బూరెలు వేసి, నేతిగిన్నె కోసం లోపలికెళ్లింది. మా వైపు బూరె పడగానే బొటనవేలితో చిల్లు పొడిచి, నెయ్యి పోసేదాకా ఆగుతారు. అందరూ పొడిచి కూర్చున్నారు. నా చేతిలో గరిటె ఉంది. పోసేశాను.

అమ్మ బూరెలో కూడా.

నేతిగిన్నెతో మా ఆవిడ వచ్చేసరికి పంక్తంతా చాక్లెట్టు మూతులే. పూర్ణం ఎలా కుదిరిందో ఒక్కరికీ తెలియలేదు. అమ్మ వేళ్లు నాకుతూ, "ఇదెవరు చేసేరర్రా, బాగుందే" అంది.

"మీ అబ్బాయేనండి, అత్తయ్యగారూ."

కంగారుగా నెయ్యి పోసిన బూరె ఒకటి అమ్మ ముందు పెట్టాను.

"కడుపు నిండిపోయిందిరా. పొద్దున్న చూద్దాంలే."

వంటింట్లో నెయ్యి పేరుకుపోతోంది. ఏదో సర్దిచెప్పబోతే మా ఆవిడ, "బాగుందన్నారు కదండీ, చాల్లెండి" అంది, నాకేసి చూడకుండా.

మర్నాడు అమ్మ నెయ్యి కరిగించుకుని రెండు బూరెలు తిని, నా చేతికన్నా నీ చెయ్యే మెరుగు అని కోడలితో అంది.

పడవలు ఊగకపోయి ఉండవచ్చు. గంట మర్యాదలు ఐదు నిమిషాలే అనుకోండి. పూర్తిగా నేను కల్పించింది మాత్రం ఆ మర్నాటి ముచ్చటే. అమ్మ తొలిబస్సుకే వెళ్లిపోయింది. ఇది రాసి మా ఆవిడకి చదవమని ఇచ్చాను. అమ్మ మెచ్చుకున్న ఆ ముక్క దాకా చదివి, కాగితాలు మడిచి నా చేతిలో పెట్టి, బియ్యం ఏరుకోవడానికి వెళ్లింది.