భర్తలకూ రెండు గదులట!

ఈ రోజు జూబ్లీ హిల్స్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి వెళ్లాను. భర్తల చేతిలో దెబ్బలు తిని వచ్చే ఆడవాళ్ల కోసం మేము నడిపే ఆశ్రయానికి ఇన్నాళ్లూ సాయం చేస్తున్నది వాళ్లే. వచ్చే ఏడాది సంగతి మాట్లాడదామని పిలిచారు. నాతో మా వంటమనిషి యాదమ్మ కూడా వచ్చింది. ఒకప్పుడు బోరబండ నుంచి చంటిపిల్లతో పారిపోయి మా దగ్గరికి వచ్చిన మనిషే ఆమె.

విరాళాలు చూసే అధికారి మాకు కాఫీ ఇప్పించి, "మేడమ్, మా కొత్త పాలసీలో ఆడవాళ్లకు మాత్రమే అంటే కుదరదండీ. మగవాళ్లకూ ఓ రెండు గదులు కేటాయించండి. అందరినీ కలుపుకుపోవాలి కదా!" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే యాదమ్మ అందుకుంది.

"సారూ, మా ఆయనకు దొరకొద్దనే గద నేను గా ఆశ్రయంలకు పోయింది! గదులిస్తమంటే ముందుగాల ఆయనే దిగుతడు."

అతను కాసేపు ఆలోచించి, ఎంతో దయగా అడిగాడు.

"పోనీ, వేరే ఫ్లోర్‌లో?"

ఒప్పందం మీద సంతకం పెట్టకుండా లేచి వచ్చేశాం. వచ్చే నెల నుంచి బియ్యం ఎవరిస్తారో తెలియదు. భయంగానే ఉంది. తలుపుకి లోపలి గడియ ఎందుకుంటుందో తెలిసిన కంపెనీ మీ ఎరుకలో ఏదైనా ఉంటే కాస్త చెప్పండి.