నొప్పి లేదన్న క్యాసెట్టు

హుజూరాబాద్‌లో జగపతిరావుకు బియ్యం మిల్లు ఉండేది. మిల్లు దాని మానాన అది నడిచేది కాబట్టి, లోకాన్ని బాగుచేయడానికి ఆయనకు కావలసినంత తీరిక దొరికేది. పెళ్లయిన కొత్తలో హోమియోపతి మీద పడ్డాడు. హమాలీలకు దగ్గొచ్చినా, జ్వరమొచ్చినా, ఇంట్లో పెళ్లాంతో తగువొచ్చినా అవే తెల్లగోళీలు. ఆ తర్వాత తేనెటీగలు పెంచాడు. అవి ఆయన్ని వదిలేసి వాళ్లమ్మ సీతాబాయిని కుట్టడంతో ఆ శాస్త్రం అక్కడికి ముగిసింది.

భార్య సరళాదేవి ఇవన్నీ చూస్తూ ఉండేది. ఆమెది ఆదిలాబాద్ జిల్లాలో నస్పూర్ దగ్గరి ఊరు. తండ్రి చొక్కారావుకు పత్తి సేద్యం. పైకి అనేది తక్కువ, లోపల అనుకునేది ఎక్కువ అన్నట్టు ఉండే మనిషి ఆమె. లోపల అనుకున్నవన్నీ పైకి అనేసి ఉంటే ఆ కాపురం మొదటి ఏడాదే మూతబడేది.

ఎనభై మూడులో ఆమెకు నెల తప్పింది. ఇల్లంతా సంబరపడింది. ఆమె కూడా పడింది, పగటిపూట. పడుకుంటే మాత్రం వదిన కాన్పు గుర్తొచ్చేది. చిన్నప్పుడు మూసిన తలుపు ఇవతల నిలబడి విన్న అరుపులు అవి. వదిన బతికింది, పిల్లవాడూ బతికాడు. కానీ ఆ తలుపు మాత్రం సరళాదేవి చెవిలో ఎప్పుడూ తెరుచుకోలేదు. ఎవరికి చెప్పినా, "అందరు కంటలేరా?" అంటారని తెలుసు కాబట్టి ఎవరికీ చెప్పలేదు. నిద్ర పట్టక కళ్ల కింద నల్లబడుతుంటే అత్తగారు కడుపులో ఉన్నది మగపిల్లవాడే అని తేల్చింది.

సరిగ్గా అప్పుడే జగపతిరావు కరీంనగర్‌లో ఒక హిప్నాటిజం ప్రదర్శన చూశాడు. వేదిక మీది మనిషి ఒక బ్యాంకు గుమస్తాను నిద్రపుచ్చి, ఉల్లిగడ్డ చేతికిచ్చి ఆపిల్ పండు అన్నాడు. గుమస్తా కమ్మగా తినేశాడు. జగపతిరావు జీవితం ఆ ఉల్లిగడ్డ దగ్గర మలుపు తిరిగింది. ఆ మనిషి దగ్గరే ఆదివారాల్లో శిష్యరికం చేసి, బంగారు అంచు ఉన్న సర్టిఫికెట్ తెచ్చి హాలులో వేలాడదీశాడు.

"సరళా, నీకు కాన్పు నొప్పి అనేదే ఉండది. నొప్పి మనసుల ఉంటది, కడుపుల ఉండది" అన్నాడు.

మరి బిడ్డ కూడా మనసులోనే ఉందా అని అడగబోయింది. ఎదురుగా ఆయన ముఖం పండుగనాటి పిల్లవాడిలా ఉంది. 

ఆ రోజు నుంచి మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇద్దరూ గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకునేవారు. ఆ ఇంట్లో మొగుడూ పెళ్లాలు పగటిపూట ఒకచోట కూర్చోవడమే వింత. సీతాబాయి నాలుగు రోజులు ఓర్చుకుని, అయిదో రోజు గడపలో కూలబడింది.

"కోడండ్లు కొడుకులకు మందు పెడ్తరని విన్న గని, కొడుకే పెండ్లానికి మందు పెట్టుడు గిదే చూసుడు. వశీకరణం ఎందుకురా, అది నీకు పెండ్లామే గదా?"

"వశీకరణం కాదమ్మా, సైన్సు."

"గా తేనెటీగలు గూడ సైన్సే అంటివి" అంది సీతాబాయి.

గదిలో ఆయన గొంతు తగ్గించి, సాగదీసి చెప్పేవాడు. "కండ్లు మూసుకో... దిగుడుబావి మెట్లు ఒక్కొక్కటే దిగుతున్నవ్... కింద చల్లటి నీళ్లు..." సరళాదేవికి దిగుడుబావి అంటేనే భయం. అందుకని ఆయన బావిలోకి దింపుతుంటే ఆమె మాత్రం ఆయనకు చెప్పకుండా పుట్టింటికి పోయేది. తండ్రి పత్తి నిల్వచేసే గదిలో చిన్నప్పుడు దూకి మెడదాకా కూరుకుపోయేది కదా, అక్కడికి. మెత్తగా, వెచ్చగా, బయటి చప్పుడేదీ వినపడకుండా. ఊపిరి దానంతటదే నెమ్మదించేది. కళ్లు తెరిచేసరికి భర్త పక్కనే కూర్చుని విసనకర్రతో విసురుతూ ఉండేవాడు. మిల్లు లెక్కలు లేవు, ఊరి రాజకీయాలు లేవు. పెళ్లయినప్పటి నుంచీ ఆయన అంతసేపు ఆమె దగ్గర కదలకుండా కూర్చున్నది లేదు. శాస్త్రం నిజమో అబద్ధమో గానీ, ఆ కూర్చోవడం ఆమెకు నచ్చింది. రాత్రులు నిద్ర పట్టసాగింది కూడా. ఆ సంగతి ఆయనకు చెప్పి ఉంటే మిల్లు అమ్మేసి ఆశ్రమం పెట్టేవాడు. అందుకే చెప్పలేదు.

ఏడో నెలలో చొక్కారావు కూతుర్ని కాన్పుకు తీసుకుపోవడానికి వచ్చాడు. శిక్షణ సగంలో ఉంది, పంపను అన్నాడు అల్లుడు.

"శిక్షణ ఏంది అల్లుడా? పోలీసుల చేరుతుందా నా బిడ్డ?" అని మామ ఆశ్చర్యపోయాడు.

చివరికి మిల్లులో పనిచేసే రాయమల్లు దారి చూపించాడు. అతని తమ్ముడు దుబాయి నుంచి టేప్ రికార్డర్ తెచ్చాడు. "గొంతు పట్టి పంపుండ్రి దొరా, మనిషెందుకు?" అన్నాడు. జగపతిరావు పాత సినిమా పాటల క్యాసెట్టు మీద తన గొంతు పట్టాడు. మాటల వెనక మిల్లు చప్పుడూ, బర్రె అరుపూ, "జగపతీ, చాయ్ సల్లారిపోతుంది" అన్న సీతాబాయి పిలుపూ పడ్డాయి. బావి అడుక్కు చేరి చల్లటి నీళ్లలో కాళ్లు పెట్టగానే, ఆయన చెరపడం మరిచిన పాట ఒకటి డప్పులతో సహా మీద పడేది.

పుట్టింట్లో రోజూ మధ్యాహ్నం క్యాసెట్టు పెడితే ఆడవాళ్లంతా నాటకం వినడానికి చేరినట్టు చేరేవారు. అందరికంటే ముందు నిద్రపోయేది సరళాదేవి తల్లి జానకీబాయి. ఏళ్ల తరబడి నిద్రలేమితో పరేషాన్ అయిన మనిషి, రెండో మెట్టుకే గురక పెట్టేది. "మా అల్లుడు మంచి డాక్టరు" అని ఊరంతా చెప్పుకుంది.

అల్లుడు తన సంగతి హుజూరాబాద్ అంతా చెప్పుకున్నాడు. నొప్పి లేని కాన్పు, జిల్లాలో మొట్టమొదటిది. ఆ మాట కరీంనగర్ దాకా పాకి, ఒక పత్రికా విలేకరి చెవిన కూడా పడింది.

ఒకరోజు పొద్దున చాయ్ తాగుతుంటే సరళాదేవికి నడుము పట్టేసింది. జీపులో మంచిర్యాల తీసుకుపోయి ఒక ప్రసూతి ఆసుపత్రిలో చేర్చారు. కబురందిన జగపతిరావు ఒక్కడే రాలేదు. తనకు తెల్లగోళీలు అమ్మే కొట్టాయన్నీ, ఒక వకీలునూ, ఆ విలేకరినీ వెంటబెట్టుకుని వచ్చాడు. అందరూ వరండాలో బెంచీ మీద కూర్చున్నారు. విలేకరి కలం మూత తీసి సిద్ధంగా పెట్టుకున్నాడు.

లోపల మొదట బాగానే సాగింది. నొప్పి వచ్చినప్పుడల్లా సరళాదేవి కళ్లు మూసుకుని పత్తిలోకి దిగింది. నొప్పి ఎక్కడో బయట, గోడకు అవతల ఉన్నట్టు అనిపించింది. డాక్టరమ్మ వచ్చి నాడి చూసి, "భయపడలేదు, చాలా నయం" అని మెచ్చుకుంది. పక్క మంచం ఆమె కూడా చూసి ఊపిరి అలాగే తీయసాగింది. సరళాదేవికి మొగుడి మీద మొదటిసారి గౌరవం లాంటిదేదో కలిగింది. అది ఒంటిగంట దాకా ఉంది.

ఆ తర్వాత వచ్చిన నొప్పులకు పత్తి ఆగలేదు. నిప్పంటుకుంటే పత్తి ఎంతసేపు ఉంటుంది? ఊపిరి తప్పింది. నడుము రెండుగా చీలుతోంది. కూతురు అల్లాడడం చూసి జానకీబాయి తనకు తెలిసిన ఒకే ఒక్క వైద్యం చేసింది. టేప్ రికార్డర్ చెవి దగ్గర పెట్టి మీట నొక్కింది.

"నీకు నొప్పి లేదు..." అన్నాడు జగపతిరావు క్యాసెట్టులోంచి. "నొప్పి అనేది లేనే లేదు... ఎంత హాయిగా ఉంది..."

"అవ్వా! గా సన్నాసి నోరు మూయించే!" అని సరళాదేవి అరిచింది. లోపల దాచుకున్న ఏళ్ల మాటలన్నీ దారి దొరికినట్టు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఉల్లిగడ్డను అంది, ఉల్లిగడ్డ తిన్న గుమస్తాను అంది, గుమస్తాను నిద్రపుచ్చినవాణ్ణి అంది. వరండాలో అందరూ విన్నారు. వకీలు పైకప్పు చూశాడు. విలేకరి మర్యాదగా కలానికి మూత పెట్టాడు.

సాయంత్రానికి డాక్టరమ్మ పటకారు వేసి బిడ్డను తీసింది. ఆడపిల్ల. తల్లీ పిల్లా క్షేమం. జగపతిరావు లోపలికొచ్చి బిడ్డను చూసి కళ్లు తుడుచుకున్నాడు. అంతటితో ఊరుకుని ఉంటే బాగుండేది.

"మొదట బాగనే చేసినవట గదా. చివర్ల నువ్వు ఏకాగ్రత పెట్టలే" అన్నాడు.

సరళాదేవికి తిట్టే ఓపిక కూడా లేదు. గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ మాట మాత్రం ముల్లులా దిగిపోయింది. పురుడయ్యాక కూడా చాలా రోజులు తనే ఏదో చెడగొట్టానని అనుకుంది. మధ్యలో ఊపిరి తప్పిందనీ, అందరి ముందు అరిచిందనీ, అందరు ఆడవాళ్లలాగే తనూ కన్నదనీ ఆమెకు సిగ్గు. అందరు ఆడవాళ్లలాగే కనడంలో సిగ్గేముందన్నది ఆమెకు తట్టడానికి చంటిదానికి పళ్లొచ్చేదాకా పట్టింది. దాన్ని ఒళ్లో పెట్టుకుని ఉండగా ఒక మధ్యాహ్నం తట్టింది. కాన్పుకు ముందు అన్ని నెలలు నిద్రపోయింది. ఆసుపత్రికి వణక్కుండా పోయింది. మధ్యాహ్నం దాకా తన ఊపిరి తన చేతిలో ఉంది. ఆ తర్వాత నొప్పి వచ్చింది, ఎందుకంటే నొప్పి వస్తుంది. ఇందులో చెడిందేమిటి? చెడింది ఒక్కటే, రాదని చెప్పిన నోరు.

రెండోసారి నెల తప్పినప్పుడు జగపతిరావు గొంతు సవరించుకుంటూ వచ్చాడు. ఈసారి సరళాదేవి నోరు తెరిచింది.

"కూసోండి, విసరండి, మాట్లాడండి. నొప్పి ఉండదని ఒక్కసారి అన్నరంటే విసనకర్ర ఇక్కడ పెట్టి మిల్లుకు పోవాలె."

"అట్ల అనకుంటే హిప్నాటిజం ఎట్లయితది?"

"కాకుంటే కాకపాయె."

ఆయన గొంతున్న క్యాసెట్టు తల్లి దగ్గరే ఉంచి, ఈసారి ఇంకో క్యాసెట్టు మీద ఆమే తన గొంతు పట్టింది. బావి లేదు, మెట్లు లేవు. "నొప్పి వస్తది. వచ్చినంక పోతది. పోయి వచ్చే నడుమ జర సేపు దొరుకుతది, గప్పుడు ఊపిరి తీసుకో. తట్టుకోబుద్ధి కాకుంటే మొత్తుకో, సూది అడుగు. ఎవలన్న ఏమన్న అంటే బయటికి పొమ్మను." అంతే. ఆ కాన్పు త్వరగా అయింది. ఆమె అప్పుడూ అరిచింది. త్వరగా కావడం తన శాస్త్రం వల్లేనని జగపతిరావు మిల్లులో మిఠాయి పంచాడు. రెండో కాన్పులు మామూలుగా త్వరగానే అవుతాయని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

ఆ క్యాసెట్టు చేతులు మారి నస్పూర్ బొగ్గుగని క్వార్టర్ల దాకా పోయింది. విన్నవాళ్లలో కొందరు మేలైందన్నారు. పోచవ్వ అనే ఆమె తిరిగిచ్చేస్తూ, "గిది ఇన్న గని నాకు ఏం కాలే దొరసానీ" అంది. "ఏమైతదని చెప్పలే గదా పోచవ్వా" అంది సరళాదేవి.

తొంభై ఒకటిలో పుట్టింటికి వెళ్లినప్పుడు, క్వార్టర్లలో ఉండే బాలలక్ష్మికి కాన్పులో పెద్దాపరేషన్ అయిందని తెలిసి చూడబోయింది. బాలలక్ష్మి మొగుడు గనిలో పనిచేస్తాడు. ఆ పిల్ల నెలల తరబడి క్యాసెట్టు వదలకుండా విన్నది. మంచం మీద పడుకుని సరళాదేవిని చూడగానే ఏడ్చేసింది.

"అంత చెప్పినా, నేనే సరింగ చెయ్యలే అక్కా. పొట్ట కోయించుకున్న."

ఆ మాట సరళాదేవికి కొత్త కాదు. ఒకప్పుడు మొగుడి నోట విన్నదే. తన గొంతు విన్న పిల్ల నోట కూడా అదే రావడంతో ఆమెకు ఒళ్లు మండింది. ఎవరి మీదో తెలియలేదు.

"బిడ్డ అడ్డం తిరిగిందట గదా?"

"అవునక్కా."

"క్యాసెట్టు బిడ్డకు ఇనిపించినవా, నీకు ఇనిపించుకున్నవా? అడ్డం తిరిగిన బిడ్డకు నువ్వెంత ఊపిరి తీస్తే ఏం లాభం? కోసి తీసిండ్రు, ఇద్దరు ఉన్నరు. ఇగ దేనికి ఏడుపు?"

బాలలక్ష్మి ముక్కు తుడుచుకుంది. "మరి మల్ల నెల తప్పితే ఇనాల్నా, వద్దా?"

"ఇనబుద్ధయితే ఇను. నిద్రయితే పడ్తది. మా అవ్వ ఎనిమిదేండ్ల సంది అల్లుడి గొంతు ఇంటనే పండుకుంటుంది, ఆమెకు ఏం కాన్పు ఉన్నది?"

బాలలక్ష్మి ఫక్కున నవ్వి, వెంటనే రెండు చేతులతో పొట్ట పట్టుకుంది. "నవ్వియ్యకక్కా, కుట్లు గుంజుతున్నయి!"

పక్కన బిడ్డ లేచి కేరుమంది. సరళాదేవి దాన్ని ఎత్తి తల్లి పక్కలో సర్ది, దిండు సరిచేసి, పాలు ఎలా పట్టాలో చూపించసాగింది.