వాడు అడిగింది నీళ్ళు కాదు

మా తమ్ముడు ఒంట్లో బాధ దాచిపెట్టి ఆడాడని, డాక్టరైన కన్నతండ్రికి కూడా ఒక్క ముక్క చెప్పకుండా మైదానంలోకి పరిగెత్తి కొంప ముంచుకున్నాడని ఇన్నేళ్ళుగా అందరూ చెప్పుకుంటున్న కథ అబద్ధం. మొన్న నార్త్ కరోలినాలోని క్యారీలో ఒక అన్నప్రాసన భోజనాల దగ్గర, నాన్నగారి స్నేహితుడొకాయన పులిహోర వడ్డించుకుంటూ ఆ కథే మళ్ళీ ఎత్తుకుని, “ఇంట్లోనే డాక్టర్ని పెట్టుకుని చెప్పలేదండీ వాడు! ఈ జనరేషనంతా అంతే, పేరెంట్స్‌ని ట్రస్ట్ చెయ్యరు” అని తీర్పు చెప్పేశాడు. నేను ప్లేటు బల్లమీద పెట్టి, “మీరు అక్కడున్నారా అంకుల్? నేనున్నాను” అన్నాను. మా అమ్మ నా మోచెయ్యి పట్టుకుని పక్కకి లాగేసింది. అక్కడ చెప్పనివ్వలేదు కనుక ఇక్కడ చెబుతున్నాను. నా ఈడు వాళ్ళు, ఈ దేశంలో తమ్ముళ్ళనీ చెల్లెళ్ళనీ సగం తెలుగులో పెంచినవాళ్ళు, మీరైనా పూర్తిగా వింటారని ఆశ.

నేను బందరులో అమ్మమ్మ దగ్గర పెరిగి, ఇంటర్ అయ్యాక మిషిగన్‌లోని నోవైకి అమ్మానాన్నల దగ్గరికి వచ్చినదాన్ని. వాడు అక్కడే పుట్టాడు, నాకంటే ఎనిమిదేళ్ళు చిన్న, చిన్నప్పటి నుంచీ భారీ మనిషి. జంట భవనాలు కూలిన ఏడాది కాలేజీలో చేరాడు. మన రంగు మనిషి కనబడితే అవతలి పేవ్‌మెంట్ మీదికి తప్పుకుని నడిచే ఆ రోజుల్లో, వీడి భుజాల కొలత చూసి మాతో రారా అని చెయ్యి వేసిన వాళ్ళు రగ్బీ కుర్రాళ్ళొక్కరే. ఆ చెయ్యిని వాడు పదకొండేళ్ళు వదలలేదు.

వాణ్ణి ప్రాప్‌గా నిలబెట్టారు. రెండు జట్ల నుంచి ఎనిమిదేసి మంది ఒకర్నొకరు గట్టిగా పట్టుకుని, తలలు దించి, ఎదురెదురుగా నెట్టుకోవడాన్ని స్క్రమ్ అంటారు. దాని ముందు వరుసలో ఉండే ముగ్గురిలో రెండు చివర్లా ఉండేవాళ్ళే ప్రాప్‌లు. పెళ్ళిపందిట్లో తోరణాల్ని చూసి ముచ్చట పడతాం గాని గుంజని ఎవరు చూస్తారు చెప్పండి? చప్పట్లన్నీ బంతి పట్టుకుని పరిగెత్తేవాడికి, వెనకవాళ్ళ బరువూ ఎదుటివాళ్ళ బరువూ వీడి మెడకి. చెవులు నలిగి నలిగి నూనెలో వేసిన అప్పడాల్లా ముడుచుకుపోయాయి. మా అమ్మ మాత్రం, బరువు పెరగమని కోచ్ చెప్పాడన్న ఒక్క మాటతో ఆ ఆటకి దాసోహమైపోయి, ముద్దపప్పులో నెయ్యి వేసి కలిపి పెడుతూ, ప్రపంచంలో తను శిక్షణ ఇవ్వగల ఆట ఇదొక్కటేనని మురిసిపోయేది.

నాన్నగారు అలా కాదు. ఆయన మత్తు డాక్టరు. ఒంట్లో ఏ నరం ఎక్కడికి పోతుందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగిన మనిషి. కాలేజీ అయ్యాక వాడు వారమంతా ఏదో ఉద్యోగం, శనివారాలు క్లబ్బు ఆట అంటూ తిరిగిన కాలమంతా, ఎవరైనా అడిగితే మావాడు స్పోర్ట్స్ మెడిసిన్ లైన్‌లో ఉన్నాడని చెప్పేవారు. అప్పట్లో ఈ దేశంలో జీతమిచ్చి రగ్బీ ఆడించే జట్లు లేవు. ఇంగ్లండులో రెండో శ్రేణి జట్టొకటి వాణ్ణి జీతానికి తీసుకుని మూడు శీతాకాలాలు ఆడించేసరికి ఆయనలో ఏదో కరిగింది. రిటైరైన మనిషి పొద్దస్తమానం డీవీడీలు వేసుకుని నియమాలు నేర్చుకున్నారు. ఒక ఆదివారం టిఫిను దగ్గర నా ప్లేట్లో మూడు ఇడ్లీలు, ఆయన ప్లేట్లో మూడు ఇడ్లీలు వరసగా పేర్చి స్క్రమ్ చెప్పారు. చివరి ఇడ్లీ తీసి పక్కన పెట్టి, ప్రాప్ దెబ్బతిని బయటికొచ్చి, ఆ స్థానంలో ఆడటం వచ్చినవాడు ఇంకొకడు లేకపోతే, ఇక ఆ మ్యాచ్‌లో నెట్టుకోవడమే ఆపేస్తారని, ఉత్తినే వంగి లేవడమేనని వివరించి, “అందుకే మనవాడు బయటికి రాకూడదే” అన్నారు. మనవాడు! ఆ మాట వినడానికి మా తమ్ముడు పదేళ్ళు మెడ అరగదీసుకున్నాడు.

ఆ వేసవిలో వాడు ఇంటికొచ్చినప్పుడు అమెరికా జాతీయ జట్టు ఎంపిక కోసం అప్పటికి నేను స్థిరపడిన వర్జీనియాలోని ఆష్‌బర్న్ దగ్గర పార్కులో ఒక మ్యాచ్ పెట్టారు. అమ్మా నాన్నగారూ నోవై నుంచి కూలర్ బాక్సులో పెరుగన్నం పెట్టుకుని రోజంతా డ్రైవ్ చేసుకుంటూ వచ్చారు. గ్యాలరీలూ గట్రా లేవు, గడ్డి చుట్టూ ఒక తాడు, అంతే. రెండో సగంలో వాడి చెవి చిట్లి రక్తం కారితే కట్టు కట్టడానికి బయటికి పంపారు. అదనంగా ఉన్న ప్రాప్ అప్పటికే ఇంకొకడి బదులు రెండో చివరకి వెళ్ళిపోయాడు. వీడు తిరిగి వెళ్ళకపోతే స్క్రమ్‌లో నెట్టుకోవడం ఆగిపోతుంది, ఎంపిక చేసేవాళ్ళు వీడిలో చూడటానికి వచ్చిందే అది. అమ్మ పెరుగన్నం కోసం కారు దగ్గరికి వెళ్ళింది. తాడు దగ్గర నాన్నగారు, నేను, వాడి తలకి టేపు చుడుతున్న ఫిజియో అమ్మాయి.

ఎప్పుడూ నాన్నగారితో ఇంగ్లీషులోనే మాట్లాడేవాడు, అప్పుడు తెలుగులో అన్నాడు. “నాన్నా, కుడి చెయ్యి నంబ్ ఉంది. వేళ్ళు తెలీట్లేదు. వెళ్ళాలా?”

ఏమంటున్నాడని ఫిజియో అడిగింది. నాన్నగారు ఆ అమ్మాయితో ఇంగ్లీషులో, నీళ్ళు అడుగుతున్నాడు అన్నారు. తర్వాత వాడి వైపు తిరిగి మెల్లగా, “విదిలించు, పోతుంది. వాళ్ళొచ్చింది నిన్ను చూడటానికే. వెళ్ళు నాన్నా” అన్నారు. నీళ్ళ బాటిల్ నా చేతిలోనే ఉంది. ఇచ్చాను. వాడు ఎడమచేత్తో అందుకుని తాగాడు, సగం గడ్డం మీదే ఒలికింది. నేను చదివింది కామర్సు, ఆయన చదివింది మెడిసిన్. నీళ్ళిచ్చినందుకు నా తప్పేమీ లేదని నన్నెవరూ ఓదార్చనక్కర్లేదు.

ఆ తర్వాతి స్క్రమ్ కూలింది. పదహారు మందిలో పదిహేను మంది లేచారు.

మెడలో రెండు ఎముకలు కలిపి బిగించారు. నడిచాడు, అంతవరకు దేవుడి దయ. కుడిచేతి పట్టు మాత్రం తిరిగి రాలేదు, ఇంగ్లండు వాళ్ళు మళ్ళీ పిలవలేదు. ప్రాప్‌గా పండుతాడనుకున్న వయసుకి వాడి ఆట ముగిసిపోయింది. ఆస్పత్రి వరండాలో అమ్మ, మీకేమీ చెప్పలేదా అని అడిగితే నాన్నగారు గోడవైపు చూస్తూ లేదన్నారు. నేను విన్నది విన్నట్టు, నా అలవాటు ప్రకారం గొంతెత్తి చెప్పాను. “నీకెప్పుడూ ఎవరో ఒకరు బోనులో నిలబడాలి” అంది అమ్మ. వాణ్ణి అడిగింది. మెడకి కాలర్‌తో తల తిప్పలేనివాడు కళ్ళు మూసుకుని, “నేను చెప్పలేదు అమ్మా” అన్నాడు. ఇంకేముంది, ఇద్దరి మాట ముందు ఒక్కదాని మాట, అందులోనూ నా నోటి సంగతి లోకానికి తెలిసిందే. ఆనాటి నుంచీ మా ఇంట్లో అబద్ధాలకోరుని నేనే.

ఆ శీతాకాలమంతా నాన్నగారు వాడితోపాటు ఆష్‌బర్న్‌లో మా ఇంట్లోనే ఉండి, పొద్దున్నా సాయంత్రం వాడి చేతిలో రబ్బరు బంతి పెట్టి, తన చెయ్యి దానిమీద మూసి నొక్కించేవారు. మూడేళ్ళ క్రితం ఆయన పోయినప్పుడు, పిండం కుడిచేత్తోనే పెట్టాలని పురోహితుడు గట్టిగా చెబితే, వాడు వణికే కుడిచేతి కింద ఎడమచెయ్యి ఆనించి పెట్టాడు.

ఇప్పుడు ఈ దేశంలోనే జీతాలిచ్చి ఆడించే జట్లున్నాయి. మా వీధి పార్కులో తెలుగు పిల్లలు రకరకాల జెర్సీలు వేసుకుని దొర్లుతుంటే, అమ్మానాన్నలు మడత కుర్చీలు వేసుకుని గొంతులు పోయేలా అరుస్తుంటారు. మావాడు ఆ దారిన డ్రైవ్ చెయ్యడు, చుట్టు తిరిగి వెళతాడు. ఎన్నిసార్లు కదిపినా, “వదిలెయ్ అక్కా” అంటాడు. నాన్నగారు ఎందుకు పంపారో నాకు తెలుసు. పదేళ్ళు ఆలస్యంగా పుట్టిన అభిమానం డాక్టరు చదువుని మింగేసింది. నాకు తెలియనిది తమ్ముడి సంగతే. ఆ మాట ఇంగ్లీషులో అని ఉంటే టేపు చుడుతున్న అమ్మాయి అక్కడికక్కడే ఆపేసేది, అది వాడికీ తెలుసు. మరి తెలుగులో ఎందుకన్నాడు? ఆమెకి తెలియకుండా ఆడదామనా, లేక తనని ఆపేదేదో నాన్నగారే ఆపాలనా?