మరి కోతేమన్నది?

మొన్న తల్లాడలో బస్సు కోసం నిలబడితే, పక్కనున్న పంక్చర్ షాపులోంచి ఎండకు కాగిన టైరు వాసన గుప్పున వచ్చింది. అందరూ ముక్కు మూసుకున్నారు. నేను మాత్రం గట్టిగా పీల్చుకున్నాను. ఖాజా మేస్త్రి గుర్తొచ్చాడు.

పర్ణశాల వెళ్ళే దారిలో, అడవి మొదలయ్యే చోట ఆయనకు ట్రాక్టర్ల రిపేరు షెడ్డు ఉండేది. పక్క జాగాలో ఇసుక పోయించి, పాత టైర్లు, తాటి మొద్దులు, మోకులు, విరిగిన ట్రాలీ ఒకటి పడేసి పిల్లలను ఆడుకోనిచ్చేవాడు. జారుడుబల్ల లేదు, రంగుల బొమ్మలు లేవు. నడుమనున్న టైర్ల గుట్ట మాత్రం తాటిచెట్టంత ఉండేది. సరే, అంత లేదు. నాకంటే జానెడు ఎత్తు. మనవరాలు పైనుంటే ఏ తాతకైనా అది తాటిచెట్టే.

మా హాసినికి అప్పుడు ఆరేళ్ళు. అంతకు రెండు నెలల ముందు మా పెరటి గోడ మీది నుంచి పడి చెయ్యి విరగ్గొట్టుకుంది. ఎముక అతికింది గానీ భయం వదల్లేదు. ఎవరిదైనా వేలు పట్టుకోనిదే రెండు మెట్లు ఎక్కేది కాదు. బళ్ళో ఆటల పీరియడంతా గోడకు ఆనుకుని నిలబడేదట. అక్కడ ఆడితే భయం పోతుందని ఎవరో చెబితే దాన్నీ, నాలుగేళ్ళ తమ్ముడు కిట్టునూ మేస్త్రి దగ్గరికి తీసుకెళ్ళాను.

"సారూ, చెప్పులిడిసి ఇటియ్యుండ్రి," అన్నాడు.

"ఎందుకయ్యా, ఇదేమన్నా గుడా?"

"చెప్పులుంటే పిల్లల ఎనక ఉరుకుతరు. గీ కంకర మీద ఉత్తకాళ్ళతోని ఎట్ల ఉరుకుతరో నేనూ సూస్త."

పెద్దవాళ్ళ బెంచీకీ పిల్లల ఇసుకకూ నడుమ పదడుగుల వెడల్పున పదునైన కంకర పరిచాడు మరి. పిల్లలు చెప్పులతో దాటి, అవతల విడిచేవారు. కిట్టు అప్పుడే ట్రాలీలో దూరి మాయమయ్యాడు. హాసిని మాత్రం నా వేలు వదల్లేదు. చెయ్యెట్ల విరిగిందని మేస్త్రి అడిగాడు. ఊరందరికీ చెప్పిన కథే ఆయనకూ చెప్పాను: గోడ మీదికి కోతి దూకింది, పిల్ల జడుసుకుంది. ఆ కోతి మొదట్లో పిల్లి అంతే ఉండేది. ఆయన దాకా వచ్చేసరికి లేగదూడంత అయింది.

"అప్పుడు మీరేమన్నరు సారూ?"

"పడతావ్! అని అరిచాను." నోరు జారింది.

"మరి కోతేమన్నది?"

ఆయన నవ్వలేదు. "కోతి ఉండెనా సారూ?"

"లేదయ్యా." గోడ మీద హాయిగా నడుస్తున్న పిల్ల, నా అరుపుకే వెనక్కి తిరిగి పడింది. ఇంట్లో కూడా చెప్పలేదు.

"పడ్తవ్ అంటే పిల్లకు పడుడొక్కటే ఇనవడ్తది. కాలు యాడ పెడ్తవని అడుగుండ్రి. కాలు దిక్కు సూస్తది," అని లేచి రెంచీ తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం వెళ్ళేవాళ్ళం. మూడో ఆదివారం, హాసిని నా వేలు ఎప్పుడు వదిలిందో నేను చూడనేలేదు. చూసేసరికి గుట్ట పైన ఉంది. దిగలేక టైరును కరుచుకుని, కిందికి చూస్తోంది. లేచాను. ఒక్క ఉరుకులో దాని దగ్గరికి చేరానని ఇంట్లో చెప్పాను గానీ, నిజానికి రెండో అడుగుకే కంకర గుచ్చుకుని ఆగిపోయాను. నోట్లో పాత అరుపు సిద్ధంగా ఉంది. మింగేశాను.

"హాసినీ, కాలెక్కడ పెడతావమ్మా?"

నా వైపు చూడలేదు. కాలు వైపు చూసింది. "గీ పెద్ద టైరు మీద, తాతా."

"తర్వాత?"

"ఆగు, నన్ను చూసుకోనీ!"

దిగింది. ఊపిరి పీల్చుకునేలోపే మళ్ళీ ఎక్కింది. నేను కంకర మీదే కూలబడిపోయాను.

ఆ సాయంత్రం మా అమ్మాయితో చెప్పేశాను, కోతి లేదని.

"నాకు అనుమానమే నాన్నా," అంది. "అందుకే దాన్ని మళ్ళీ మళ్ళీ అడిగిన. ఎన్నిసార్లు అడిగినా నువ్వు చెప్పినట్టే కోతే అన్నది."

పిల్లను పడేయడమే కాక, నా అబద్ధాన్ని కూడా దాని నెత్తిన పెట్టాను. లోపలికి వెళ్ళి, హాసిని పక్కన కూర్చుని, "అమ్మకు చెప్పేసిన బిడ్డా, తప్పు నాదేనని," అన్నాను.

బొమ్మ గీసుకుంటున్నదల్లా పెన్సిలు పక్కన పెట్టి, "హమ్మయ్య," అంది.

మేస్త్రి ఇప్పుడు మధిరలో కూతురి దగ్గర ఉంటున్నాడట. నేనింకా కథలు పెంచుతూనే ఉన్నాను, ఈ వయసులో మానలేను. కానీ చెప్పే ముందు, దీన్ని నాకోసం ఎవరైనా మోయాల్సి వస్తుందా అని ఒకసారి చూసుకుంటాను.