నాలుగు కాపీల గేట్ పాస్, అమ్మ ఫొటో

అమ్మ ఫొటో ఆ వార్త మీదికి ఎలా ఎక్కిందో నన్ను నిద్రలో లేపి అడిగినా చెప్పగలను.

అమ్మ రాయ్‌పూర్‌లోనే ముప్పై ఏళ్లు నర్సుగా చేసి రిటైరైంది. ఉద్యోగంలో ఉండగా ఒకసారి నర్సుల దినోత్సవానికి ఆమెకు శాలువా కప్పి పూలగుత్తి ఇచ్చారు. తెల్ల చీరలో, పూలగుత్తి పట్టుకుని, ఎవరో నవ్వమంటే నవ్విన ఫొటో అది. ఊళ్లోని ఒక హిందీ వార్తల వెబ్‌సైట్ వాళ్లు వచ్చి తీశారు. ఆ రోజు దాన్ని ఎక్కడా వేయలేదు. వేయలేదన్న సంగతి కూడా నేను మర్చిపోలేదు.

కొన్నేళ్లకు టాటీబంధ్ వైపు ఏదో చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో ఒక నర్సు తప్పు ఇంజెక్షన్ ఇచ్చిందని వార్త వచ్చింది. ఆ నర్సు ఎవరో మాకు తెలియదు. వెబ్‌సైట్‌లో పనిచేసే మనిషెవరో వాళ్ల ఫొటోల గోదాములో ‘నర్సు’ అని కొట్టాడు. మొదట అమ్మ వచ్చింది. ఆ ఫొటోనే వేసేశాడు. కింద చిన్న అక్షరాలతో ‘ఫైల్ ఫొటో’ అని రాశాడట. కంప్యూటర్‌లో చూస్తే ఆ అక్షరాలు కనబడతాయి. ఫోన్‌లో ఫొటో అడుగుభాగం కత్తిరించుకుపోతుంది. మా కాలనీలో కంప్యూటర్‌లో వార్తలు చదివేవాళ్లు ఒక్కరూ లేరు.

నేను ఫోన్ చేసి గొడవ పెట్టుకుంటే రెండు గంటల్లో ఫొటో మార్చారు. మార్చేశాం కదా, ఇంకేమిటి అన్నారు. కానీ ఆ రెండు గంటల్లోనే ఎవరో దాన్ని స్క్రీన్‌షాట్ తీశారు. అది మా వీధి గ్రూపులోకి, అక్కడి నుంచి మా తెలుగు చర్చి గ్రూపులోకి వెళ్లింది. ఫొటో వెబ్‌సైట్‌లో మారింది గానీ జనం ఫోన్లలో మారలేదు.

ఆ ఆదివారం ఆరాధన మొదలవకముందే పాటల బృందం పెద్దావిడ అమ్మ దగ్గరికి వచ్చింది. గుంటూరు వైపు నుంచి మా వాళ్లు వచ్చిన రోజుల్లోనే వాళ్ల కుటుంబమూ వచ్చింది. అమ్మ నైట్ డ్యూటీల మధ్య ఈవిడ పిల్లలకు టీకాలు వేయించిన మనిషి. ఆవిడ అమ్మ భుజం మీద చెయ్యి వేసి చాలా మెత్తగా చెప్పింది.

“అక్కా, ఓ నాలుగు వారాలు వెనక వరసలో కూర్చో. జరా ఈ గోల సద్దుమణగనీ.”

“అది నేను కాదమ్మా” అంది అమ్మ.

“నాకు తెలీదా? నేను నీ మంచి కోసమే చెబుతున్నా.”

అమ్మ పాటల పుస్తకం ఆమె చేతికిచ్చి వెనక్కి వచ్చి నా పక్కన కూర్చుంది. ఇరవై ఏళ్లుగా ముందు వరసలో నిలబడి పాడిన మనిషి ఆ రోజు పెదవి కదపలేదు. నాలుగు వారాలు దాటాయి. ముందుకు రమ్మని ఎవరూ పిలవలేదు. అమ్మను ఆ వరసలోకి మళ్లీ తీసుకురావాలని అప్పుడే నిశ్చయించుకున్నాను.

వెబ్‌సైట్ సంపాదకుడికి ఉత్తరాలు రాయడం మొదలుపెట్టాను. ప్రతి సోమవారం ఒకటి. హిందీలో, గట్టిగా. మొదటి ఆరింటికి జవాబు లేదు. ఏడోదానికి ‘మీ సూచనకు ధన్యవాదాలు’ అని వచ్చింది. అది మనిషి రాసింది కాదని నాకు తెలుసు, ఎందుకంటే ఎనిమిదోదానికీ అక్షరం మారకుండా అదే వచ్చింది. పదిహేడో ఉత్తరం తర్వాత సంపాదకుడే ఫోన్ చేశాడు.

“దీదీ, మీరు రాసినవన్నీ చదివాను. శనివారం మధ్యాహ్నాలు మేం కొత్త టూల్స్ గురించి కూర్చుని మాట్లాడుకుంటాం. మీరూ రండి. ఉత్తరంలో తిట్టే బదులు ఎదురుగా తిట్టండి.”

వాళ్ల ఆఫీసు ఒక టైల్స్ దుకాణం మీద ఉండేది. నేను మెట్లెక్కి లోపలికి వెళుతుంటే ఎవరో గొంతు తగ్గించకుండానే, “శికాయత్ వాలీ దీదీ ఆ గయీ” అన్నారు. ఫిర్యాదుల అక్క వచ్చేసింది అని. అన్నది ఎవరో ఆ రోజే గుర్తుపెట్టుకున్నాను. తర్వాత ఆ మనిషి నాకెన్నిసార్లు చాయ్ తెచ్చిచ్చినా ఆ మాట చెరగలేదు.

అక్కడ ఒక పద్ధతి ఉండేది. ఆలోచన వచ్చినవాళ్లు దాన్ని చీటీ మీద రాసి గోడకు అంటించాలి. అంటించినవాళ్లే దానిలో మొదటి లోపం చెప్పాలి. తన ఆలోచనను తను సమర్థించుకోకూడదు. సమర్థించడం మిగతావాళ్ల పని. మొదటి లోపం దొరకని చీటీ మీద చర్చ ఉండదు. అది గోడ మీద అలాగే వేలాడుతుంది. ఆరంగ్ నుంచి రోజూ బస్సులో వచ్చే ఒక అమ్మాయి ఈ పద్ధతి పెట్టిందట. వెబ్‌సైట్‌కి కోడ్ రాసేది ఆమే. మగవాళ్లు తమ ఆలోచనలు తామే పొగుడుకుంటూ సాయంత్రం చేస్తున్నారని, ఆమెకు బస్సు తప్పిపోతోందని ఈ ఏర్పాటు.

మొదటి శనివారం టాటీబంధ్ చౌరస్తాలో లారీలు ఎప్పుడు ఆగిపోతాయో ముందే చెప్పే టూల్ గురించి చర్చ. అక్కడ లారీలు ఆగని గంట ఏదో చెప్పండి, అది వార్త అన్నాను. నవ్వారు. తర్వాత సిల్తారా ఫ్యాక్టరీల మసి. జనం తమ ఇళ్ల కిటికీల మీద పేరుకున్న మసిని ఫొటో తీసి పంపితే వెబ్‌సైట్ మ్యాపు మీద పెడుతుంది. ఈ ఆలోచన సంపాదకుడిది. లోపం కూడా తనే చెప్పాడు, ఫ్యాక్టరీ వాళ్లు ప్రకటనలు ఆపేస్తారని. నేను పనిచేసేది సిల్తారాలోనే, ఒక స్పాంజ్ ఐరన్ ప్లాంటులో, డిస్పాచ్ గుమాస్తాగా. ఆ మసి రోజూ నా దుపట్టా మీద ఇంటికి వస్తుంది. అయినా అడిగాను.

“ఆ కిటికీ ఎక్కడిదో, ఆ ఫొటో ఏనాటిదో ఎవరు చూస్తారు? పోయినేడాది మసి ఈ ఏడాది ఫ్యాక్టరీ మీద వేస్తారా? మా అమ్మకు చేసినట్టే?”

ఎవరూ నవ్వలేదు. సంపాదకుడు ఆ చీటీ తీసి, ఇంకా తేలనివాటి కింది వరసలో అంటించాడు.

రెండో శనివారం నా చీటీ నేను అంటించాను. అది మా ప్లాంటులో నేను రోజూ చేసే పనిలోంచి వచ్చిన ఆలోచన. లారీ బయటికి వెళ్లాలంటే గేట్ పాస్ నాలుగు కాపీలు రాస్తాం. తెల్లది డ్రైవర్‌కి, గులాబీది గేటుకి, పసుపుది కాటా దగ్గరికి, పచ్చది మా ఫైలుకి. లారీ నంబరులో ఒక్క అంకె తప్పుపడినా మా దగ్గరున్న పచ్చకాపీ ఒక్కటే దిద్దుకుంటే సరిపోదు. నాలుగూ వెనక్కి తెప్పించాలి. నాలుగింటి మీదా ఎర్ర సిరాతో అడ్డంగా గీత కొట్టాలి. ఆ తర్వాతే కొత్తది రాయాలి. మీరు మీ పచ్చకాపీ దిద్దుకుని కూర్చున్నారు అన్నాను వాళ్లతో. తప్పు వార్త ఏ ఏ ఫోన్లలోకి వెళ్లిందో ఆ ఫోన్లన్నిటికీ దిద్దుబాటు వెళ్లే టూల్ కావాలి.

ఆరంగ్ అమ్మాయి పెన్ను తిప్పుతూ వింది. “దీదీ, మీ లారీలకు గేటుంది. మాకు గేటు లేదు. స్క్రీన్‌షాట్ బయటికి వెళ్లాక ఎవరి దగ్గరుందో దేవుడికే తెలియాలి.”

“మీరు లోపం చెప్పకూడదు కదా” అన్నాను.

“మీరు చెప్పలేదు గదా మరి. మొదటిది మీరే చెప్పాలి.”

నేను చెప్పలేదు. నా ఆలోచనలో లోపం లేదని నా నమ్మకం. ఇన్ని నెలలుగా అన్యాయం భరించినదాన్ని, దాన్ని దిద్దే మార్గం చెబుతుంటే అందులో మళ్లీ నేనే తప్పు పట్టాలా? చీటీ గోడ మీద వేలాడుతుండగానే బ్యాగు తీసుకుని మెట్లు దిగిపోయాను. ఎవరూ వెనక నుంచి పిలవలేదు. అదీ గుర్తుంది.

ఇంటికి వచ్చి అమ్మకు మొత్తం చెప్పాను. ఆమె మెంతికూర వలుస్తోంది. అప్పటిదాకా నా ఉత్తరాల సంగతి ఆమెకు తెలుసు గానీ అందులో ఏం రాస్తున్నానో ఎప్పుడూ అడగలేదు. నా టూల్ గురించి విన్నాక కాడలు పక్కన పెట్టింది.

“అంటే ఏందే, మర్చిపోయినోళ్లకి కూడా నా మొహం ఇంకోసారి చూపిస్తావా?”

“నువ్వు కాదని చెబుతారమ్మా.”

“కాదని చెప్పాలంటే ముందు ఏం కాదో చెప్పాలిగా. ఆ ఇంజెక్షన్ సంగతి తెలియనోళ్లకి కూడా తెలుస్తది.” మళ్లీ కాడ చేతిలోకి తీసుకుంది. “వాళ్లు నన్నడక్కుండా ఫొటో వేశారు. నువ్వు నన్నడక్కుండా పదిహేడు ఉత్తరాలు రాశావు. ఒక్కదానికన్నా ముందు అడిగావా?”

 ఆ మాటకు నాకు కోపం వచ్చింది, అమ్మ మీద కూడా. వాళ్లు చేసిందీ నేను చేసిందీ ఒకే తీరు అని ఒప్పుకోవడానికి బుధవారం దాకా పట్టింది. ఒప్పుకున్నాక మాత్రం ఆగలేదు. ఈసారి అడిగాను. “అమ్మా, నీకేం కావాలి?”

“నా చోట్లో నేను నిలబడాలి. రమ్మని బతిమాలించుకోను, నన్ను రానిమ్మని బతిమాలను” అంది.

మూడో శనివారం వెళ్లేసరికి నా చీటీ ఇంకా గోడ మీదే ఉంది. దాని ముందు నిలబడి లోపం చెప్పాను. ఈ దిద్దుబాటు ఎవరికోసమో వాళ్లనే అడగదు అని. ఆ మాట నోటి నుంచి బయటికి రావడం ఎంత కష్టమైందో వాళ్లకు తెలియదు, తెలియనివ్వలేదు. ఆరంగ్ అమ్మాయి కుర్చీ ముందుకు లాక్కుంది. ఇప్పుడు చర్చ మొదలవుతుంది అంది.

ఆ తర్వాత సాయంత్రందాకా నడిచింది. తప్పుపడిన ప్రతి వార్తకూ ఒక నంబరు ఇద్దామని, జనం ఆ నంబరు కొట్టి నిజం చూసుకుంటారని సంపాదకుడన్నాడు. కొట్టేది ఎవరు, నాలాంటివాళ్లు పదిమంది తప్ప అని నేనే కొట్టిపారేశాను. ఆరంగ్ అమ్మాయి నా చీటీ దగ్గరికి వెళ్లి మళ్లీ చదివింది. చివరికి, “గేటు లేదు దీదీ, కానీ డ్రైవర్లున్నారు కదా” అంది. ఫోన్ నుంచి ఫోన్‌కి పంపే జనమే ఆ డ్రైవర్లు. వాళ్లు లింకులు పంపరు, బొమ్మలు పంపుతారు. తప్పు బొమ్మగా వెళ్లింది కాబట్టి దిద్దుబాటూ బొమ్మగానే వెళ్లాలి. అదే సైజు, అంతే పెద్ద అక్షరాలు, ఫోన్‌లో ఏ మూలా కత్తిరించుకుపోకుండా. దాన్ని వెబ్‌సైట్ వేసేముందు తప్పు ఎవరి మీద పడిందో వాళ్లకు పంపాలి. అందులో ఏం ఉండాలో, ముఖం ఉండాలో వద్దో వాళ్లు చెప్పాలి. వెబ్‌సైట్‌లో వేయాలా, తామే పంపుకుంటారా, అసలు వద్దా అన్నదీ వాళ్ల ఇష్టం.

సంపాదకుడికి ఒక్కటి నచ్చలేదు. చెడ్డ వార్త మీద మనిషి ఫైల్ ఫొటో వేయకూడదని నేను పట్టుబట్టాను.

“ఫొటో లేకపోతే ఎవరూ నొక్కరు దీదీ. మీకు డెస్కు సంగతి తెలియదు.”

“తెలియదు. ముందు వరస సంగతి తెలుసు.”

ఆయన తల గోక్కుని ఒప్పుకున్నాడు. నోటిమాట చాలదు, కాగితం మీద రాసి గోడకు అంటించమన్నాను. రాశాడు. కింద సంతకం పెట్టమన్నాను. అదీ పెట్టాడు, నవ్వుతూ. ఆ కాగితం ఫొటో నా ఫోన్‌లో ఉంది.

తయారైన మొదటి దిద్దుబాటు అమ్మకే వచ్చింది. ముఖం వద్దని ఆమె ముందే చెప్పింది. ‘ఆ వార్తకూ ఫొటోలోని నర్సుకూ సంబంధం లేదు. పొరపాటుకు చింతిస్తున్నాం’ అని ఉంది. అమ్మ కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి, ఇది చాలదంది. సంబంధం లేదంటే సరిపోదట, ఆమెకు దేనితో సంబంధం ఉందో చెప్పాలట. తను చెబుతుంటే నేను హిందీలో రాసి పంపాను. సాయంత్రానికి మారి వచ్చింది. ‘ఆ ఫొటో ముప్పై ఏళ్లు పనిచేసిన ఒక నర్సుకు జరిగిన సన్మానంలో తీసింది. ఆమె అనుమతి అడగకుండా, మరెవరి తప్పు గురించో వచ్చిన వార్త మీద మేం వేశాం. తప్పు మాది.’

వెబ్‌సైట్‌లో వేయొద్దంది అమ్మ. ఎక్కడ పోగొట్టుకున్నానో అక్కడికే పంపుతానంది. తన ఫోన్ తీసుకుని, చర్చి గ్రూపు తెరిచి, తన వేలితోనే పంపింది. కింద తెలుగులో ఒక్క వాక్యం రాసింది, ‘ఆదివారం నా చోట్లో ఉంటాను’ అని. నలుగురైదుగురు చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. వీధి గ్రూపులోకి దాన్ని మా ఎదురింటివాళ్లు పంపారు. మేం చెప్పలేదు. పాటల బృందం పెద్దావిడ చూసినట్టు నీలం టిక్కులు పడ్డాయి గానీ జవాబు రాలేదు.

ఆ టూల్‌ను వాళ్లు తర్వాత ఇంకెంతమందికి వాడారో నాకు పూర్తిగా తెలియదు. అందుకే ఇప్పటికీ శనివారాలు వెళ్లి అడుగుతుంటాను. గోడ మీది కాగితం ఒకసారి రంగులేసినప్పుడు తీసేస్తే నా ఫోన్‌లోని ఫొటో చూపించి మళ్లీ రాయించాను.

గ్రూపులో రాసిన ఆ ఆదివారం అమ్మ అందరికంటే ముందు బయల్దేరింది. ఎవరినీ అడగకుండా నేరుగా ముందు వరసకు వెళ్లి తన చోట్లో నిలబడింది. పెద్దావిడ వచ్చింది, చూసింది, కాస్త పక్కకు జరిగింది. ఒక్క నిమిషం అలాగే నిలబడి, తన చేతిలోని పాటల పుస్తకం తెరిచి, పేజీ చూపించి అమ్మకు అందించింది. క్షమించమని అడగలేదు.

“వందనాలు అక్కా” అంది.

“వందనాలమ్మా” అంది అమ్మ, పుస్తకం అందుకుంటూ.

తర్వాత ఆవిడ వెనక్కి తిరిగి నా వైపు చూసి కూడా వందనాలు అంది. పాట మొదలైంది. అమ్మ గొంతు నాకు విడిగా వినిపించింది. నేను వందనాలు అనలేదు.