పెదవి ఎత్తి చూడొద్దు

పొద్దున్నే నా క్లినిక్ తలుపు తీయగానే లవంగనూనె వాసన కొడుతుంది. ఆ వాసనకు ఇప్పటికీ వెనక సునంద మేడం నిలబడ్డట్టే సర్దుకుని నిలబడతాను. జూబ్లీహిల్స్‌లో ఆవిడ దగ్గర నాలుగేళ్లు చిగుళ్ల వైద్యం నేర్చుకున్నాను. ఆవిడ పోయి ఏడాదైంది. ఒక్కనాడూ నన్ను కేకలేయలేదు. వేసి ఉంటే ఇంత బాధ ఉండేది కాదేమో.

కుట్లు వేసిన ప్రతివారికీ ఆవిడ చెప్పేది ఒకటే, రెండు వారాలు పెదవి ఎత్తి చూసుకోవద్దని. మా దగ్గరికి వచ్చేది ఎక్కువగా సినిమావాళ్లు, వింటారా? అద్దం లేనిదే పొద్దు గడవని మనుషులు. అందుకే చేతులు కడుక్కునే చోట కూడా అద్దం పెట్టనివ్వలేదు. చూస్తే ఏమవుతుందని ఒకసారి అడిగాను.

"అంగిలి నుంచి తీసి చిగురుకు అతికిచ్చిన ముక్కకు మొదట్ల రక్తం సరిగ అందదు బిడ్డా. అప్పుడు కణం ఏం జేస్తది? తన లోపలి పాత సామాన్లను తనే అరిగించుకుంటది, దాంతోనే కొత్తది కట్టుకుంటది. మనం కుట్లేస్తం, గంతే. జర దాన్ని కదిలియ్యకుండ ఉండాలె."

పద్మ కృష్ణానగర్‌లో ఉండే డాన్సర్. ఏళ్ల తరబడి వెనక వరసలో ఆడి, మొదటిసారి క్లోజప్ సంపాదించుకుంది. ముందుపంటి మీద చిగురు జారి వేరు కనబడుతోంది. మేడం ముక్క అతికించారు. "షూటింగ్‌కి మానుతుందాండీ? మానకపోతే ఇంకొకర్ని పెట్టుకుంటారు" అని పద్మ నా చెయ్యి పట్టుకుంది. నాకూ ఆత్రమే. మేడంకి తెలియకుండా, రోజూ ఒక ఫొటో తీసి పంపమన్నాను. పిచ్చిపిల్ల, ఒక్కరోజూ తప్పలేదు.

తొమ్మిదోనాటికి ముక్క తెల్లబడి ఊడి వచ్చింది. మేడం కారణం అడిగితే, దాచలేక ఫొటోల సంగతి చెప్పేశాను. ఆవిడ నా వైపు చూడలేదు. పద్మతో, "తప్పు మాది బిడ్డా, నీది కాదు" అన్నారు. మళ్లీ ఉచితంగా చేస్తామన్నారు కూడా. క్లోజప్ వేరే అమ్మాయికి పోయింది. పద్మ ఇక రాలేదు, ఫోనూ ఎత్తలేదు.

ఆ సాయంత్రం చేతులు కడుక్కుంటూ మేడం అన్నారు, "ఆ ముక్క లోపల తన్ను తాను తినుకుంట బతుకుతుండె. మనం దినాం గుంజినం."

మనం అన్నారు. ఆవిడేం చేశారని? సిగ్గుతో చచ్చిపోయాను.

ఇప్పుడు ఫిల్మ్‌నగర్‌లో నా క్లినిక్‌లోనూ అద్దం లేదు. వచ్చినవాళ్లు విసుక్కుంటారు, పడతాను. పద్మ పంపిన ఫొటోలు ఫోన్‌లో అలాగే ఉన్నాయి, తీసేయడానికి చెయ్యి రాదు. అప్పట్లో వాటిలో చిగురు ఒక్కటే చూశాను. ప్రతి ఫొటోలోనూ పెదవిని పైకి లాగి పట్టుకున్న రెండు వేళ్లున్నాయి.