రాతి గని అంచున

పంతొమ్మిది వందల అరవైలలో నేను తాండూరులో మెట్రిక్ చదువుతున్న రోజులవి. క్లాసులో ఫస్ట్ నేను, సెకండ్ అనంతరెడ్డి. మార్కులు చదివినప్పుడల్లా వాడు నన్ను చూసే చూపుకి భయమేసేది.

పెద్ద పరీక్షల ముందు ఆదివారం వాడే మా ఇంటికొచ్చి, కలిసి చదువుకుందామని ఊరి బయట పాడుబడ్డ నాపరాతి గనికి తీసుకుపోయాడు. లోతైన గోతిలో నీళ్లు నల్లగా నిలిచున్నాయి. చుట్టుపక్కల మనిషి అలికిడి లేదు.

"నీకు ఈత వస్తదా?" అని గోతి అంచున నిలబడ్డ నన్ను వెనక నుంచి అడిగాడు.

"రాదు" అన్నాను. వాడి చెయ్యి నా భుజం మీద పడింది.

"గిదేందిరా అనంతూ?" అన్నాను.

వాడు చెయ్యి తియ్యలేదు. "గీసారి గూడ సెకండ్ వస్తే ఇంటికి రావొద్దన్నడు మా నాయిన. నువ్వు లేకుంటే నేనే ఫస్టు గదరా" అంటూ ఏడ్చేశాడు. పట్టు సడలగానే పరుగెత్తాను.

సాయంత్రం మా నాన్న నన్ను వెంటబెట్టుకుని వాళ్లింటికి వెళ్లి జరిగింది చెప్పాడు. అనంతు తండ్రి అంతా విని నవ్వాడు. "మావోనికి గంత పట్టుదల ఉన్నదా!" అన్నాడు.

తలుపు పక్కన అనంతు తలొంచుకుని నిలబడి ఉన్నాడు. ఆ నవ్వు విన్నాక వాడి మీద నాకు కోపం పోయింది. మేము వెళ్లిపోయాక వాడు ఆ ఇంట్లోనే ఉండాలి కదా అని ఇప్పటికీ అనిపిస్తుంది.